చానల్ ఆగినప్పుడు, బిల్లు పెరిగినప్పుడు: కేబుల్, డీటీహెచ్ చందాదారులు చేయవలసిన పనులు

2023 ఫిబ్రవరి 18 మహాశివరాత్రి. జాగరణ ఉన్నవారు రాత్రంతా టీవీ ముందు కూర్చునే ఆ పండుగ రోజునే డిస్నీ స్టార్, జీ, సోనీ సంస్థలు, తమ కొత్త ధరలకు ఒప్పుకొని సంతకం చేయని కేబుల్ సంస్థలకు చానళ్ల సిగ్నల్ నిలిపివేశాయి. దేశం మొత్తం మీద దాదాపు నాలుగున్నర కోట్ల ఇళ్లకు ఆ చానళ్లు ఆగిపోయాయని కేబుల్ సంస్థల సమాఖ్య ప్రకటించింది. వ్యవహారం కేరళ హైకోర్టు దాకా వెళ్లింది. వారం తిరగకముందే రాజీ కుదిరి చానళ్లు తిరిగి వచ్చాయి, వాటి వెంట కొత్త ధరలూ వచ్చాయి. ఆ వారంలో చందాదారుడిని సంప్రదించిన వారు ఎవరూ లేరు, అయినా చివరకు తేడా కట్టింది అతడే.

ఇలాంటి తగాదా మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది వచ్చినప్పుడు ఏం చేయాలి, రానప్పుడు కూడా నెలనెలా పెరుగుతున్న బిల్లును ఎలా తగ్గించుకోవాలి అన్నది ఈ వ్యాసంలో వరుసగా చెబుతాను. ఇందుకు కావలసినవి ఒక నోటు పుస్తకం, పాత బిల్లు లేదా రీచార్జి సందేశం, ఒక పది రోజుల ఓపిక మాత్రమే.

ముందుగా “పైన” ఎవరున్నారో తెలుసుకోండి

కొన్నేళ్ల కిందట మా ఇంట్లో సాయంత్రం సీరియల్ సమయానికి తెర మీద నీలం రంగు తప్ప ఏమీ కనబడలేదు. అమ్మ కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి, “ఏం బాబూ, ఒకటో తారీఖు రాగానే డబ్బులకు వస్తావు, చానల్ మాత్రం రాదేం?” అని అడిగింది. “నా చేతుల్లో ఏముందమ్మా, పైనుంచే ఆగిపోయింది” అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు, కాని ఆ “పైన” అన్నది ఒక్కరు కాదు. అది తెలియకపోతే మన కోపమంతా గుమ్మంలో నిలబడిన మనిషి మీదనే పోతుంది, పని మాత్రం జరగదు.

అన్నిటికంటే పైన ఉండేది చానల్ యజమాని, అంటే ప్రసార సంస్థ. దాని కింద అనేక చానళ్ల సిగ్నళ్లను తీసుకొని పట్టణాలకు, పల్లెలకు పంపే పెద్ద కేబుల్ సంస్థ ఉంటుంది. వాడుకలో దీన్ని ఎమ్మెస్వో అంటారు. ఆ కింద మన వీధిలో తీగలు లాగి, డబ్బులు వసూలు చేసే స్థానిక ఆపరేటర్ ఉంటాడు. డీటీహెచ్‌లో ఈ మూడో మనిషి ఉండడు, డిష్ పెట్టిన సంస్థే నేరుగా మీతో లెక్క చూసుకుంటుంది. ధరల తగాదా దాదాపు ఎప్పుడూ మొదటి ఇద్దరి మధ్యనే నడుస్తుంది.

డబ్బు ఎలా పంచుకుంటారో చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం, చానల్ ధరలో కనీసం 20 శాతం పంపిణీ రుసుముగా కింది వారికి మిగలాలి. నెలకు 19 రూపాయలున్న ఒక చానల్‌ను తీసుకుంటే, ఆ కనీస లెక్కన 15 రూపాయల 20 పైసలు ప్రసార సంస్థకు పోతాయి, 3 రూపాయల 80 పైసలు కింద మిగులుతాయి. ఎమ్మెస్వోకు, ఆపరేటర్‌కు మధ్య వేరే ఒప్పందమేదీ కుదరకపోతే ఆ మిగిలినదాన్ని 55:45గా పంచుకోవాలి, కాబట్టి ఆపరేటర్ చేతికి వచ్చేది 1 రూపాయి 71 పైసలు. ఈ 19 మీద 18 శాతం జీఎస్టీ కింద 3 రూపాయల 42 పైసలు మీరు అదనంగా కడతారు. చానల్ ధర పెరిగినప్పుడు మీ వీధి ఆపరేటర్‌కు పెద్దగా ఒరిగేదేమీ లేదన్నమాట, పైగా ఇళ్లు కనెక్షన్ మానేస్తే మొదట నష్టపోయేది అతనే. అందుకే ఈ వ్యవహారంలో అతనితో తగవు పెట్టుకోవడం కంటే అతన్ని మీ పక్కన ఉంచుకోవడం మేలు.

బిల్లును ముక్కలుగా విడదీయండి

“నెలకు మూడు వందల యాభై” అని నోటిమాటగా చెప్పే లెక్కను ఒప్పుకోకండి. ఏ ముక్క ఎంతో చూపే బిల్లు అడగండి. ముందే డబ్బు కట్టే పద్ధతిలో ఉన్నవారైతే సంస్థ యాప్‌లో ఖాతా వివరాలు తెరిస్తే ఆ ముక్కలు కనబడతాయి. ప్రధానంగా ఉండేవి మూడు: నెట్‌వర్క్ రుసుము, చానళ్ల ధర, ఈ రెండింటి మీద జీఎస్టీ. సెట్‌టాప్ బాక్స్ అద్దెకు తీసుకున్నవారికి నాలుగో ముక్క కూడా ఉంటుంది.

నెట్‌వర్క్ రుసుమును వాడుకలో ఎన్‌సీఎఫ్ అంటున్నారు. మీ ఇంటి దాకా తీగ లాగినందుకు, సిగ్నల్ తెచ్చినందుకు ఇచ్చే కిరాయి ఇది. 2019 ఫిబ్రవరి 1న, చూసే చానల్‌కే ధర కట్టే కొత్త విధానం అమలులోకి వచ్చినప్పుడు దీనికి 130 రూపాయల పరిమితి ఉండేది, పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు అయ్యేది, అందులో 100 చానళ్లు రావాలి. 2020 జనవరిలో చేసిన సవరణతో అదే 130కి 200 చానళ్లు ఇవ్వాలని, అంతకు మించితే 160 దాటరాదని, ఇంట్లో రెండో టీవీకి ఈ రుసుములో 40 శాతమే తీసుకోవాలని నియమం వచ్చింది. 2024 జులైలో ట్రాయ్ ఈ పరిమితిని పూర్తిగా ఎత్తివేసింది. ఇప్పుడు ఎంత తీసుకోవాలన్నది ఆ సంస్థ ఇష్టం, కాకపోతే తీసుకునే రుసుమును బహిరంగంగా ప్రకటించి తీరాలి. కాబట్టి “ట్రాయ్ చెప్పిన 130 మాత్రమే కడతాను” అని వాదిస్తే ఈనాడు చెల్లదు. “మీ వెబ్‌సైట్‌లో ప్రకటించిన రుసుము ఎంత, నా దగ్గర తీసుకుంటున్నది ఎంత, రెండో టీవీకి ఎంత?” అని అడిగితే మాత్రం సమాధానం చెప్పవలసిందే. చాలామంది పాత సంఖ్య పట్టుకొని వాదించి ఓడిపోతున్నారు, అందుకే దీన్ని కాస్త సాగదీసి చెప్పాను.

బిల్లులో ఇంకొకటి వెతకండి. ఒకే చానల్ మామూలుదీ, హెచ్‌డీదీ రెండూ ఉంటే ఒకే కార్యక్రమానికి మీరు రెండుసార్లు కడుతున్నట్టే. బొకేలో, అంటే గుత్తిగా కలిపి అమ్మే చానళ్లలో ఒకటి, విడిగా ఒకటి చేరిపోయి ఇలా జరుగుతుంది.

పది రోజులు రాసి పెట్టండి

ఇంట్లో ఎవరిని అడిగినా “అన్నీ చూస్తాం” అనే అంటారు. అడగకండి, రాయండి. టీవీ పక్కన నోటు పుస్తకం పెట్టి పది రోజుల పాటు ఎవరు ఏ చానల్ చూశారో ఒక వరుసలో, ఆ చానల్ ఏ సంస్థదో రెండో వరుసలో రాయండి. ఈ రెండో వరుసే అసలైనది. స్టార్ మా, స్టార్ మా మూవీస్ జియోస్టార్‌వి (పాత డిస్నీ స్టార్), జెమిని టీవీ, జెమిని మూవీస్ సన్ నెట్‌వర్క్‌వి, జీ తెలుగు, జీ సినిమాలు జీవి, ఈటీవీ, ఈటీవీ ప్లస్, ఈటీవీ సినిమా ఈటీవీవి. తెలుగు వార్తా చానళ్లలో ఎక్కువ భాగం ఉచిత చానళ్లే కనుక వాటికి నెట్‌వర్క్ రుసుము తప్ప వేరే ధర ఉండదు. అవి ఏ సంస్థవో రాయనక్కరలేదు.

మా ఇంట్లో ఇలా రాస్తే, డబ్బాలో వచ్చే మూడు వందల పైచిలుకు చానళ్లలో పది రోజుల్లో తెరిచినవి పదకొండు. అందులో ఆరు ఉచిత వార్తా, భక్తి చానళ్లు. మిగిలిన ఐదూ రెండే సంస్థలవి. బిల్లులో మాత్రం ఏడు సంస్థల బొకేలు ఉన్నాయి. ఎవరూ చూడని క్రికెట్‌కు, పిల్లలు పెద్దవాళ్లై వదిలేసిన కార్టూన్లకు, ఇంట్లో ఎవరికీ రాని భాషల సినిమాలకు నెలనెలా కట్టుకుంటూ వచ్చామని ఆ పుస్తకం చూస్తే గాని తెలియలేదు.

బొకే లెక్క: ఎక్కడ మోసపోతాం, ఎక్కడ లాభపడతాం

2019లో వచ్చిన విధానం ఉద్దేశం మంచిదే. చూసే చానల్‌కే డబ్బు కట్టండి, ప్రతి చానల్‌కూ విడి ధర ఉంటుంది, కావలసినవి ఏరుకోండి అన్నారు. కాని చానళ్లను గుత్తిగా కట్టి తక్కువకు అమ్మే బొకే పద్ధతిని అలాగే ఉంచారు. 2022 నవంబరులో చేసిన సవరణ ప్రకారం, 19 రూపాయలు దాటిన చానల్‌ను బొకేలో పెట్టరాదు, విడి ధరల మొత్తం మీద 45 శాతానికి మించి తగ్గింపు ఇవ్వరాదు. ఈ రెండు అంకెలు గుర్తు పెట్టుకోండి.

ఒక సంస్థకు నాలుగు చానళ్లున్నాయనుకుందాం. అందరూ చూసే సీరియల్ చానల్ ధర 19, సినిమా చానల్ 12, పాటల చానల్ 5, ఎవరూ చూడనిది 2. మొత్తం 38 రూపాయలు. దాని మీద 45 శాతం తగ్గిస్తే బొకే 20 రూపాయల 90 పైసలకు వస్తుంది. మీకు కావలసింది సీరియల్ చానల్ ఒక్కటే అయినా, ఇంకో 1 రూపాయి 90 పైసలు వేస్తే నాలుగూ వస్తాయి కదా అనిపిస్తుంది. అలా అనిపించడానికే ఆ ధరలు అలా పెడతారని నా అభిప్రాయం. సీరియల్ చానల్ విడి ధర గరిష్ఠంగా పెట్టినంత కాలం ఏరుకునే స్వేచ్ఛ కాగితం మీదనే ఉంటుంది.

అయితే ఇక్కడ చాలామంది సలహాదారులు చెప్పేదానికి భిన్నంగా ఒక మాట చెబుతాను. పై ఉదాహరణలో ఒక్క చానల్ కోసం బొకే వదిలి విడిగా తీసుకుంటే మిగిలేది రెండు రూపాయలు కూడా కాదు. అదే మీరు సీరియల్ చానల్‌తోపాటు సినిమా చానల్ కూడా చూసేవారైతే విడిగా 31 రూపాయలు అవుతుంది, బొకేయే పది రూపాయలు చవక. అందుచేత బొకే లోపలి చానళ్లను ఏరుతూ కూర్చోవడం వల్ల శ్రమే తప్ప ఫలితం తక్కువ. కోత పడవలసింది మొత్తం బొకేకే. మీ నోటు పుస్తకం రెండో వరుసలో ఒక్కసారి కూడా కనబడని సంస్థ ఏదో చూసి, ఆ సంస్థ బొకేను పూర్తిగా తీసేయించండి. చానళ్లను కాకుండా సంస్థలను లెక్కపెట్టడం అలవాటు చేసుకుంటే బిల్లు మీకు లొంగుతుంది.

నెట్‌వర్క్ రుసుము 130 చొప్పున ప్రకటించిన సంస్థ దగ్గర, ఒక్కొక్కటి 21 రూపాయల చొప్పున ఏడు బొకేలు ఉన్న ఇంటికి 277 రూపాయలు, జీఎస్టీతో 326 రూపాయల 86 పైసలు అవుతుంది. అదే రెండు బొకేలైతే 172, పన్నుతో 202 రూపాయల 96 పైసలు. నెలకు దాదాపు 124 రూపాయల తేడా, ఏడాదికి పధ్నాలుగు వందల పైమాటే. ఈ అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవి, మీ బిల్లులోని అసలు ధరలతో ఇదే లెక్క మీరు వేసుకోండి.

ధరలు సరిచూసుకోవడానికి టీవీలోనే వినియోగదారుల సమాచారం కోసం కేటాయించిన 999 నంబరు చానల్ చూడవచ్చు. ప్రతి ప్రసార సంస్థ తన చానళ్ల, బొకేల ధరలను వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీ సంస్థ ఇచ్చే ధరలను అక్కడి ధరలతో పోల్చండి. ఎక్కువ తీసుకుంటున్నట్టు తేలితే ఆ పుట తెర చిత్రాన్ని దాచుకోండి. ఉచిత చానళ్లను, ధర కట్టి చూసే పే చానళ్లతో కలిపి ప్రసార సంస్థ బొకేగా అమ్మరాదన్న నియమం కూడా ఉంది. అలాగే 2024 జులై సవరణ ప్రకారం, దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్‌లో ఉచితంగా వచ్చే చానల్‌కు వేరే చోట ధర పెట్టరాదు. మీ బిల్లులో అలాంటి చానల్‌కు ధర పడి ఉంటే ఫిర్యాదుకు అదొక్కటే చాలు.

మార్పును నోటితో కాక రాతలో అడగండి

ఏమేమి తీసేయాలో తేల్చుకున్నాక స్థానిక ఆపరేటర్‌కు ఫోన్ చేసి మర్యాదగా చెప్పండి. “అలా ఇవ్వడం కుదరదు సార్, ప్యాకేజీ మొత్తం తీసుకోవాలి, సిస్టమ్ తీసుకోదు” అన్న సమాధానం వస్తే ఆశ్చర్యపోకండి. తప్పనిసరిగా ఇవ్వవలసిన దూరదర్శన్ చానళ్లు పోగా మిగిలినవి ఎంచుకునే హక్కు చందాదారుడిదే, ఏ పే చానల్‌నూ బలవంతంగా అంటగట్టరాదు. అతనితో వాదించకుండా ఎమ్మెస్వో వారి టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేయండి. డబ్బా అడుగున లేదా రిమోట్‌లో మెనూ నొక్కితే కనబడే కార్డు నంబరు చెప్పి, తీసేయవలసిన బొకేల పేర్లు ఒక్కొక్కటిగా చదివి, ఫిర్యాదు నంబరు అడిగి నోటు పుస్తకంలో తేదీతో రాసుకోండి. డీటీహెచ్ వారు యాప్‌లోనే ఈ మార్పులు చేసుకోవచ్చు, అయితే మార్పు చేశాక కొత్త నెలవారీ మొత్తం చూపించే పుటను తెర చిత్రంగా దాచండి.

ఇక్కడ నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఐదు బొకేలు తీసేయించి సంతోషపడ్డాక, రెండో నెల రీచార్జి చేయగానే పాత ప్యాకేజీ యథాతథంగా తిరిగి వచ్చింది. ఫోన్ చేస్తే, మధ్యలో గడువు ముగిసినందువల్ల సిస్టమ్ పాతదాన్నే తీసుకుందని చెప్పారు. దాచి పెట్టిన ఫిర్యాదు నంబరు ఉండబట్టి ఎక్కువ పోయిన మొత్తం ఖాతాలో జమ చేశారు, లేకపోతే అది కూడా పోయేది. మార్పు చేయించిన తరువాత రెండు నెలల పాటు తప్పకుండా బిల్లు చూడండి.

తగాదా మొదలైందని తెలిస్తే

అన్ని చానళ్లూ ధరల తగాదాతోనే ఆగవు, కాబట్టి మొదట కారణం తెలుసుకోండి. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్లు కేబుల్‌లో ఆగిపోయాయి, 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని వార్తా చానళ్లు ఆగిపోయి విషయం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఆ రెండు సందర్భాల్లోనూ ధర ప్రశ్నే లేదు. వర్షానికి తీగ తెగితే అన్ని చానళ్లూ పోతాయి. ఒకే సంస్థకు చెందిన చానళ్లన్నీ ఒకేసారి పోయి, మిగిలినవి సవ్యంగా వస్తుంటే అది ఒప్పందం తగాదా అని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. మీ రెండో వరుస ఇక్కడ కూడా పనికి వస్తుంది.

నిబంధనల ప్రకారం, కారణం చూపుతూ కనీసం మూడు వారాల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా ప్రసార సంస్థ సిగ్నల్ ఆపరాదు. ఆ గడువులో తెర అడుగున అక్షరాలు కదులుతూ కనబడతాయి. “మీ కేబుల్ సంస్థ మా చానల్‌ను ఆపబోతోంది, ఈ నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వండి” అని చానల్ వారు ఒకవైపు, “అధిక ధరల భారం మీ మీద పడకూడదనే మేము పోరాడుతున్నాం” అని కేబుల్ వారు మరోవైపు రాస్తారు. ఇద్దరికీ కావలసింది మీ కోపం, అది ఎదుటివాడి మీద పడాలని ఇద్దరి కోరిక. ఆ మిస్డ్ కాల్ వల్ల మీకు కలిగే లాభం లేదు, మీ నంబరు ఒక ప్రచార జాబితాలో చేరడం తప్ప.

ఆ స్క్రోలింగ్ కనబడిన నాటి నుంచి తగాదా తేలే దాకా రెండు పనులు మానండి. ఒకటి, ఏడాదికి ఒకేసారి రీచార్జి చేయడం. “ఇప్పుడే కడితే పాత ధర” అని ఎంత ఆశ పెట్టినా, ఆగిపోయిన చానల్ ఎప్పుడు తిరిగి వస్తుందో రాసి ఇచ్చేవారు ఉండరు. నెల చొప్పున కట్టండి. రెండు, తొందరపడి వేరే కనెక్షన్‌కు మారడం. 2023లో కేబుల్ వదిలి డీటీహెచ్ పెట్టించుకోవడానికి పరుగెత్తినవారు డిష్ బిగించుకునే లోపే చానళ్లు తిరిగి వచ్చాయి. కనీసం రెండు వారాలు చూడండి.

ఈ మధ్యలో మీరు చేయవలసిన పని ఒకటుంది. ఆ చానళ్లకు, లేదా వాటి బొకేకు ఆగిన రోజు నుంచి డబ్బు వసూలు చేయవద్దని ఎమ్మెస్వో లేదా డీటీహెచ్ సంస్థకు రాతలో చెప్పండి. ఆగిన తేదీ, చానల్ పేరు, కార్డు నంబరు, ఫిర్యాదు నంబరు ఈ నాలుగూ ఆ సందేశంలో ఉండాలి. ఇచ్చేది ఇరవయ్యో ముప్పయ్యో రూపాయలే కావచ్చు. అడిగినవారికే అది తిరిగి వస్తుంది, అడగనివారిది సంస్థ దగ్గరే ఉండిపోతుంది. ఈలోగా సీరియల్ ఆగరాదనుకుంటే ఆయా సంస్థల యాప్‌లు ఉన్నాయి: జియోహాట్‌స్టార్, జీ5, సన్ నెక్స్ట్, ఈటీవీ విన్. ఏడాది చందా కట్టకుండా నెలకే తీసుకోండి, తగాదా తీరాక దాన్ని రద్దు చేయడం మరవకండి. మరచిపోయిన యాప్ చందా బొకే కంటే ఖరీదైనది.

అమెరికాలో ఉన్న మన వాళ్లకు ఈ తగాదాలు ఇంకా దగ్గరగా తెలుసు. 2025 అక్టోబరు 30 రాత్రి, నెల చందాకు ఇంటర్నెట్ ద్వారా టీవీ చానళ్లు ఇచ్చే యూట్యూబ్ టీవీలో ఏబీసీ, ఈఎస్‌పీఎన్ సహా డిస్నీ చానళ్లు ఆగిపోయి, నవంబరు 14న గాని తిరిగి రాలేదు. చందాదారులకు యూట్యూబ్ టీవీ 20 డాలర్ల తగ్గింపు ప్రకటించింది. 2017లో నెలకు 35 డాలర్లతో మొదలైన ఆ సేవ ధర 2025 జనవరికి 82.99 డాలర్లకు చేరింది. అక్కడ ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ వంటి చానళ్లు గాలిలో ఉచితంగా వస్తాయి కాబట్టి కిటికీ దగ్గర చిన్న యాంటెన్నా పెట్టుకున్నవారికి తగాదాతో సగం నిమిత్తం తప్పుతుంది. మిగిలిన సలహా ఇక్కడిదే: తగ్గింపు అడగండి, నెల చొప్పున కట్టండి, ఆట ఏ నెలల్లో ఉంటుందో ఆ నెలలకే చందా ఉంచుకోండి.

సమాధానం రాకపోతే ఎక్కడికి వెళ్లాలి

చానల్ వారికి, కేబుల్ వారికి మధ్య తగాదాను తేల్చేది ఢిల్లీలోని టీడీశాట్ అనే ట్రిబ్యునల్. అక్కడ మనకు పని లేదు. ట్రాయ్ కూడా ఒక్కొక్క ఇంటి ఫిర్యాదును విచారించి తీర్పు చెప్పదు, మీరు పంపినదాన్ని సంస్థకు పంపి ఊరుకుంటుంది. ఈ సంగతి తెలియక నెలల తరబడి ట్రాయ్‌కు ఉత్తరాలు రాసి విసిగిపోయినవారు నాకు తెలుసు.

మొదట సంస్థ ఫిర్యాదు విభాగంలో, అక్కడ తేలకపోతే దాని నోడల్ అధికారికి రాయండి. ఈ అధికారి పేరు, ఈమెయిల్ సంస్థ వెబ్‌సైట్‌లో ఉండాలి. ఆ తరువాత జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. నా అనుభవంలో, ఈ ఫోన్ తరువాత సంస్థల స్వరం మారుతుంది. అప్పటికీ ఫలితం లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఐదు లక్షల లోపు చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. నూట ఇరవై రూపాయల కోసం కమిషన్‌కు వెళ్లాలా అని మీరు అడగవచ్చు. ఒక్క నెలకైతే నేను కూడా వెళ్లను. ఏడాదిగా చెప్పినా వినకుండా తీసేసిన బొకేకు డబ్బు గుంజుతుంటే వెళతాను.

చివరకు మారాలనే నిర్ణయిస్తే

మీ రెండో వరుసలో ఉన్న సంస్థల చానళ్లు కొత్త చోట ఉన్నాయో లేదో, వాటి బొకేల ధరలెంతో, నెట్‌వర్క్ రుసుము ఎంతో ముందుగా రాసుకొని, పాత బిల్లు పక్కన పెట్టి చూడండి. చానల్ ధరలు అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే ఉంటాయి కాబట్టి తేడా ప్రధానంగా నెట్‌వర్క్ రుసుములో, రెండో టీవీ లెక్కలో వస్తుంది. వార్తలు, పాత సినిమాలు, దూరదర్శన్ చాలనుకునే ఇంటికి డీడీ ఫ్రీ డిష్ సరిపోతుంది. డిష్‌కు, డబ్బాకు ఒకసారి పెట్టే ఖర్చే తప్ప నెలవారీ చందా లేదు, డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి. ఇంట్లో సాయంత్రం సీరియళ్లు చూసేవారుంటే మాత్రం చానళ్ల జాబితా చూడకుండా దాన్ని తెచ్చి పెట్టి తిట్లు తినకండి.

పాత కనెక్షన్‌ను ఊరికే వదిలేయకండి. రద్దు చేయమని రాతలో అడగండి, ఖాతాలో మిగిలిన మొత్తం తిరిగి ఇమ్మని అదే సందేశంలో చేర్చండి. డబ్బా అద్దెదైతే, అప్పగించేటప్పుడు దాని వెనుక అంటించిన నంబరును ఫోటో తీసి, ఆ నంబరు వేసిన రసీదు తీసుకొని గాని చేతికి ఇవ్వకండి. డబ్బా ఇవ్వలేదని ఆరు నెలల తరువాత ఫోన్ వచ్చినప్పుడు చూపవలసింది ఆ రసీదే.